నికోడెమస్: కాన్సాస్ గడ్డినేలపై నల్లజాతి రైతులు నిలబెట్టుకున్న ఊరు

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం వాయవ్య భాగంలో, గ్రాహమ్ కౌంటీలో, సాలమన్ నది దక్షిణ పాయకు ఉత్తరపు గట్టున నికోడెమస్ అనే ఊరు ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ కాపురముంటున్నవారు 14 మంది. ఆ కొద్దిమంది ఉన్న ఊరినే అమెరికా ప్రభుత్వం 1976లో జాతీయ చారిత్రక ప్రాధాన్యం గల ప్రాంతంగా గుర్తించింది. 1996 నవంబరులో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించి జాతీయ పార్కుల శాఖకు అప్పగించింది. అంతర్యుద్ధం తరువాతి పునర్నిర్మాణ కాలంలో, మిసిసిపీ నదికి పశ్చిమాన నల్లజాతి వారు నెలకొల్పుకున్న ఊళ్లలో నేటికీ మిగిలి ఉన్నది ఇదే.

ఈ ఊరు ఎందుకు చిక్కిపోయిందన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు ఒకటే: 1888లో రైలు మార్గం ఊరికి రాకుండా నదికి అవతలి వైపు పోయింది, అందువల్ల ఊరు పోయింది. ఈ జవాబులో నిజం ఉంది కానీ అది సగమే. రైలు వచ్చిన ఊళ్లు కూడా ఆ మైదానంలో వందల సంఖ్యలో క్షీణించాయి. అంగడి వీధి కూలిపోయిన తరువాత కూడా నికోడెమస్ చుట్టూ వ్యవసాయ సమాజం మరో నలభై ఏళ్లకు పైగా గట్టిగానే నిలిచింది. కాబట్టి ఊరు ఎలా తగ్గిందన్న దానికన్నా, అసలు ఎవరు ఏ ఆధారంతో దాన్ని నిలబెట్టారన్నదే ఎక్కువ శ్రద్ధతో చూడవలసిన విషయం.

ముందుగా నేల సంగతి. ప్రెయిరీ అంటే చెట్లు అరుదుగా ఉండి, గడ్డి మాత్రం దట్టంగా పెరిగే విశాలమైన మైదానం. కాన్సాస్ తూర్పు భాగంలో ఈ గడ్డి మనిషి ఎత్తు పెరుగుతుంది; పడమరకు పోయేకొద్దీ వాన తగ్గి, గడ్డి పొట్టిదవుతుంది. నికోడెమస్ ఈ రెండింటి మధ్య, నూరవ పశ్చిమ రేఖాంశానికి కాస్త తూర్పున ఉంది. అక్కడ ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. అదీ ఒక ఏడు కురిస్తే మరో ఏడు మొహం చాటేస్తుంది. ఊరు పుట్టిన మరుసటి ఏడాదే, అంటే 1878లో, జాన్ వెస్లీ పావెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించాడు. ఏడాదికి 20 అంగుళాల లోపు, అంటే సుమారు 508 మిల్లీమీటర్ల లోపు వాన కురిసే నేలలో నీటిపారుదల లేకుండా సేద్యాన్ని నమ్ముకోలేమని, అటువంటి చోట పశువుల మేతకు కుటుంబానికి 2,560 ఎకరాలైనా ఇవ్వాలని అతడు చెప్పాడు. ప్రభుత్వం మాత్రం 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం కుటుంబానికి 160 ఎకరాలే ఇస్తూ వచ్చింది. నాగలి పడిన చోటికి వాన తనంతట తానే వస్తుందని భూముల వ్యాపారులు, రైల్వే కంపెనీలు ప్రచారం చేస్తున్న రోజులవి.

ఆ నేల ఎవరిదీ కాని నేల కూడా కాదు. పానీ, కాన్సా, ఒసేజ్, షైయన్ తెగల వారు తరతరాలుగా వేటాడిన, తిరుగాడిన చోటు అది. ఒప్పందాల పేరుతోనూ సైన్యం బలంతోనూ వారిని అక్కడి నుంచి కదిలించిన తరువాతే ఆ భూమి పంపిణీకి వచ్చింది. తమ సొంత దేశంలో నిన్నటి దాకా మనుషులుగానే లెక్కకు రానివారికి భూమి హక్కు దొరికిన అవకాశం, మరొకరి నుంచి తీసుకున్న భూమి మీదే దొరికింది. ఈ ఊరి చరిత్రను చెప్పేటప్పుడు ఈ మాటను దాటవేయకూడదు.

వలస వచ్చినవారిలో అత్యధికులు కెంటకీ రాష్ట్రం వారు, ముఖ్యంగా లెక్సింగ్టన్, జార్జ్‌టౌన్ పరిసరాల వారు. అంతర్యుద్ధంలో కెంటకీ వేర్పాటు పక్షం చేరలేదు. ఆ కారణంగా, తిరుగుబాటు చేసిన ప్రాంతాల్లోని బానిసలకే స్వేచ్ఛ ప్రకటించిన అధ్యక్షుడు లింకన్ విమోచన ప్రకటన ఆ రాష్ట్రానికి వర్తించలేదు. అక్కడ బానిసత్వం చట్టరీత్యా ముగిసింది 1865 డిసెంబరులో, పదమూడవ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చాకే. ఆ తరువాత కూడా వారికి భూమి దక్కలేదు. కౌలు, కూలి, అప్పు, మూకదాడుల భయం మాత్రమే మిగిలాయి. 1877లో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి వారి రక్షణకు మిగిలి ఉన్న కేంద్ర సైన్యాన్ని ప్రభుత్వం ఉపసంహరించుకోవడంతో, రాజకీయంగా తమను కాపాడేవారెవరూ లేరన్నది వారికి స్పష్టమైంది. నికోడెమస్ పుట్టింది సరిగ్గా ఆ ఏడాదే. దక్షిణాది నుంచి కాన్సాస్‌కు వేలాది మంది ఒక్కసారిగా తరలిపోయిన 1879 నాటి మహావలసతో ఈ ఊరి వారిని కలిపి చెబుతుంటారు. కానీ వీరు దానికి రెండేళ్ల ముందే, ఒక పథకం ప్రకారం వచ్చినవారు.

ఆ పథకం 1877 ఏప్రిల్‌లో నమోదైన నికోడెమస్ టౌన్ కంపెనీది. డబ్ల్యూ. ఆర్. హిల్ అనే తెల్లజాతి భూముల వ్యాపారి, డబ్ల్యూ. హెచ్. స్మిత్, సైమన్ రౌండ్‌ట్రీ, జెడ్. టి. ఫ్లెచర్ వంటి నల్లజాతి ప్రముఖులు కలిసి దాన్ని నడిపారు. స్మిత్ అధ్యక్షుడు, మత బోధకుడైన రౌండ్‌ట్రీ కార్యదర్శి. కెంటకీలోని చర్చిల్లో సభలు పెట్టి, కరపత్రాలు పంచారు. కాలనీలో సభ్యత్వానికి ఒక డాలరు. అది కూడా ఒకేసారి ఇవ్వలేనివారు పావలా డాలరు చొప్పున వాయిదాల్లో చెల్లించవచ్చు. ఐదు డాలర్లు కడితే 1877 సెప్టెంబరు 5న కాన్సాస్‌కు బయలుదేరవచ్చని మరో కరపత్రం పిలిచింది. హిల్ ఉద్దేశం లాభమే. పొలాలు చూపించినందుకు రుసుము తీసుకున్నాడు, తన పేరుతో పక్కనే హిల్ సిటీ అనే మరో ఊరినీ వేయించాడు. అయితే అతడి పాత్రను చూసి నికోడెమస్ మొత్తాన్ని ఒక మోసంగా కొట్టిపారేయడం సరికాదు. కరపత్రంలోని పచ్చటి వర్ణన అబద్ధమే కావచ్చు. దాని అడుగున ఉన్న హోమ్‌స్టెడ్ చట్టం మాత్రం నిజమైనది. పౌరులైన ఎవరైనా ఐదేళ్లు ఆ నేల మీద కాపురముండి, సాగుచేసి, కొద్దిపాటి రుసుము కడితే 160 ఎకరాల మీద వారికి పట్టా వస్తుంది. కెంటకీలో ఎన్ని తరాలు చాకిరీ చేసినా వారికి దక్కని హక్కు అది.

1877 సెప్టెంబరులో సుమారు 300 మంది కెంటకీ వాసులు రైలెక్కి ఎలిస్ స్టేషన్‌లో దిగారు. అక్కడి నుంచి నికోడెమస్‌కు 55 కిలోమీటర్ల పైచిలుకు దూరం. రోడ్డు లేదు, సామాన్లు బండ్ల మీద వేసి, ఎక్కువమంది నడిచే వచ్చారు. వచ్చి చూస్తే ఊరే కనిపించలేదు. కలప దొరకని చోట ఇల్లు కట్టడం అసాధ్యం గనుక, ముందుగా వచ్చినవారు నేలలో గుంతలు తవ్వుకుని, పైన కొమ్మలూ గడ్డి పెళ్లలూ కప్పుకుని వాటిలోనే ఉంటున్నారు. మరుసటి వసంతంలో భర్త డేనియల్ హిక్‌మన్‌తో కలిసి వచ్చిన విలియానా హిక్‌మన్, తన తొలి చూపును ఏళ్ల తరువాత గుర్తు చేసుకుంది. ఊరు అదుగో అని మగవాళ్లు చూపిస్తే తనకు నేలలోంచి లేస్తున్న పొగ తప్ప ఏమీ కనబడలేదని, ఏడుపు ఆగలేదని చెప్పింది. మొదటి బృందంలోని కొన్ని కుటుంబాలు మర్నాడే వెనక్కి తిరిగాయని ఊరి చరిత్ర చెబుతుంది. ఆ నిర్ణయానికి వారిని తప్పుపట్టలేం. కానీ తరువాతి కథ అంతా మిగిలినవారిది. వెనక్కి పోవడానికి డబ్బు లేక మిగిలినవారూ, పోయినా అక్కడ ఏముందని తలచినవారూ వారిలో ఉన్నారు.

సెప్టెంబరులో దిగినవారికి ఆ ఏడాది పంట వేసే వ్యవధి లేదు. మొదటి చలికాలం ఆకలితోనే గడిచింది. వేట ముగించుకుని తిరిగి వెళుతున్న ఒసేజ్ తెగవారు తమ దగ్గరున్న మాంసంలో కొంత ఇచ్చి ఆదుకున్నారని ఊరి కుటుంబాల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ ఒసేజ్‌లను కాన్సాస్ నుంచి దక్షిణాన ఉన్న ఇండియన్ టెరిటరీకి, అంటే నేటి ఓక్లహోమాకు, పంపివేసి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. 1878 వసంతంలో కాలనీ మొత్తానికి ఉన్న గుర్రాలు మూడేనని చెబుతారు. ఒక కుటుంబం పాడి ఆవునే నాగలికి కట్టింది. మిగతావారు పారలతో, చేతి గునపాలతో నేల తిరగవేశారు. ప్రెయిరీ గడ్డి వేళ్లు తాడు పేనినట్టు అల్లుకుని నేలను పట్టి ఉంచుతాయి. ఉక్కు నాగలి, బలమైన పశువులు ఉన్నవారికే ఆ నేలను మొదటిసారి దున్నడం కష్టం. పొలానికి పెట్టుబడి కోసం మగవారు రైల్వే పనులకు, దూరాన ఉన్న పొలాల్లో కూలికి వెళ్లారు. పొలం, కాపురం, పట్టా షరతులు ఆడవారి చేతి మీద నిలిచాయి. హోమ్‌స్టెడ్ చట్టం అడిగింది నివాసం, సాగు. మగవాడు కూలికి పోయినా నివాసం తెగిపోకుండా చూసినది ఇంట్లోని స్త్రీ. పట్టాల మీద ఎవరి పేరున్నా, వాటిని సంపాదించడంలో ఈ పని వాటా పెద్దది.

తొలి రోజుల్లో కాలనీ పెద్దలు తూర్పు రాష్ట్రాల నుంచి, పొరుగు జిల్లాల నుంచి తిండిగింజలు, బట్టలు విరాళంగా తెప్పించారు. 1879 నాటికి ఊరివారు కాలనీ సంఘాన్ని రద్దుచేసి, ఇక విరాళాలు తీసుకోరాదని తీర్మానించారు. ఈ తీర్మానాన్ని కేవలం ఆత్మాభిమానంగా వర్ణించడం తేలిక. దానికి ఆచరణాత్మకమైన కారణం కూడా కనిపిస్తుంది: యాచించే కాలనీ అన్న పేరు పడితే బ్యాంకు అప్పు దొరకదు, కొత్త వ్యాపారి రాడు, కౌంటీ రాజకీయాల్లో మాట చెల్లదు.

ఊరి సమాజం ఏకరూపంగా ఉండేదని అనుకుంటే పొరబాటు. సంఖ్యలో ఎక్కువైనవారు కెంటకీ రైతు కుటుంబాలు. చర్చి బోధకుల చుట్టూ, బంధుత్వాల చుట్టూ అల్లుకున్న సమూహాలుగా వారు వచ్చారు. వీరిలో కొందరి పూర్వీకులు, అమెరికా ఉపాధ్యక్షుడిగా పనిచేసిన రిచర్డ్ ఎమ్. జాన్సన్ కెంటకీ ఎస్టేటులో బానిసలుగా ఉన్నవారని ఊరి చరిత్రకారులు వెలికితీశారు. రెండో వరుస, చదువూ పట్టణ అనుభవమూ ఉన్న కొద్దిమందిది. 1878లో ఎడ్వర్డ్ పి. మెకేబ్, ఏబ్రమ్ హాల్ అనే ఇద్దరు యువకులు షికాగో నుంచి వచ్చి, భూములకు దరఖాస్తులు రాసిపెట్టడం, కాగితపు పనులు చూడడం మొదలుపెట్టారు. కౌంటీ ఏర్పడినప్పుడు మెకేబ్ గుమాస్తా అయ్యాడు. 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటరుగా ఎన్నికై, 1884లో మళ్లీ గెలిచాడు. దక్షిణాది వెలుపల ఒక నల్లజాతి నాయకుడు రాష్ట్రస్థాయి పదవికి ఎన్నిక కావడం ఆ కాలంలో అసాధారణం. తరువాత అతడు ఓక్లహోమాకు పోయి అక్కడ లాంగ్‌స్టన్ ఊరిని నెలకొల్పాడు.

మూడో వరుస గురించి తక్కువగా మాట్లాడతారు: తెల్లవారు. 1880ల మధ్యలో నికోడెమస్ అంగడి వీధిలో దుకాణాలు, పత్రికలు నడిపినవారిలో తెల్లజాతి వారు చెప్పుకోదగ్గంతమంది ఉన్నారు. 1886లో ‘వెస్టర్న్ సైక్లోన్’, 1887లో ‘నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్’ అనే వారపత్రికలు వెలువడ్డాయి. హోటళ్లు, కిరాణాలు, మందుల దుకాణం, బ్యాంకు, బేస్‌బాల్ జట్టు ఉండేవి. చుట్టూ పొలాలు ప్రధానంగా నల్లజాతి రైతులవి, వీధి మాత్రం రెండు జాతుల వ్యాపారుల ఉమ్మడిది. ఈ తేడాను గుర్తు పెట్టుకోకపోతే 1888లో జరిగినది అర్థం కాదు.

బడి, చర్చి, పోస్టాఫీసు మాత్రం మొదటి నుంచీ ఊరివారివే. 1877లోనే పోస్టాఫీసు వచ్చింది. దాన్ని చూసినది ఫ్లెచర్ కుటుంబం. జెన్నీ స్మిత్ ఫ్లెచర్ తొలి ఉపాధ్యాయిని. గ్రాహమ్ కౌంటీలో పాఠశాల జిల్లా సంఖ్య ఒకటి నికోడెమస్‌దే. బానిసత్వంలో చదువు నేర్వడం ప్రమాదకరమైన పనిగా ఉన్న సమాజం నుంచి వచ్చినవారు, పైకప్పుకు కలప దొరకని చోట ముందుగా బడిని తలపెట్టారు.

రైలు విషయానికి వస్తే, 1880లలో ప్రెయిరీ ఊరికి రైలు ప్రయాణ సౌకర్యం మాత్రమే కాదు, ధాన్యం ధరను నిర్ణయించేది కూడా అదే. ఎద్దుబండి మీద గోధుమను రెండు రోజులు తోలి స్టేషన్‌కు చేర్చే రైతుకు, ఆ ఖర్చు పోగా మిగిలేది చాలా తక్కువ. అందుకే ఊళ్లు రైల్వే కంపెనీలకు బాండ్ల రూపంలో డబ్బు ఇస్తామని పోటీపడేవి. 1887 మార్చిలో నికోడెమస్ టౌన్‌షిప్ (కౌంటీలోని చిన్న పాలనా విభాగం) ఓటర్లు మిస్సౌరీ పసిఫిక్ కంపెనీకి 16,000 డాలర్ల బాండ్లు ఆమోదించారు. మార్గం రానే లేదు. ఆ కంపెనీ పట్టాలు తూర్పున ఉన్న స్టాక్‌టన్ దగ్గరే ఆగాయి. 1888లో యూనియన్ పసిఫిక్ కంపెనీ పట్టాలు వేసింది గానీ, అది నదికి దక్షిణపు ఒడ్డున, నికోడెమస్‌కు పది కిలోమీటర్ల లోపు దూరంలో. అక్కడ పనివాళ్ల శిబిరంగా మొదలైనదే బోగ్ అనే ఊరు. కొద్ది నెలల్లోనే నికోడెమస్ వ్యాపారులు దుకాణాలు కట్టేసి, కొన్ని కట్టడాలను సైతం ఊడదీసి బండ్ల మీద బోగ్‌కు తరలించారు. రెండు పత్రికలూ ఆగిపోయాయి.

వ్యాపారులకు పోవడం సులువు. సరుకు ఎక్కడికైనా పోతుంది, 160 ఎకరాల పొలం ఎక్కడికీ పోదు. ఐదేళ్లు కాపురముండి అప్పుడప్పుడే పట్టాలు అందుకున్న రైతులు కదలలేదు. వారికి కదలాలన్న అవసరమూ రాలేదు. ఎందుకంటే బోగ్ స్టేషన్ ఎలిస్ కంటే చాలా దగ్గర, అంటే ఆ రైలే రైతుకు ఒక రకంగా మేలు చేసింది. వీధి పోయినా ఊరు ఉండటానికి కారణం ఇదే. 1885లో కట్టిన ఆఫ్రికన్ మెథడిస్ట్ చర్చి, 1907లో కట్టిన ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి, 1918 నాటి బడి కట్టడం, 1939లో ఆర్థిక మాంద్యం నాటి ప్రభుత్వ ‘న్యూ డీల్’ ఉపాధి పథకం కింద స్థానిక సున్నపురాతితో కట్టిన టౌన్‌షిప్ హాలు, వీటి తేదీలను వరుసగా చూస్తేనే రైలు తప్పిన తరువాత కూడా ఇక్కడ సమాజం కొత్త కట్టడాలు కట్టుకుంటూనే ఉందని తెలుస్తుంది. చచ్చిపోయిన ఊరు ముప్పై ఏళ్ల తరువాత కొత్త బడి కట్టుకోదు.

అసలు దెబ్బ 1930లలో తగిలింది. వరుస కరవులు, ధూళి తుపానులు, మిడతలు, పడిపోయిన గోధుమ ధరలు ఒకేసారి వచ్చాయి. తక్కువ వాన నేలకు 160 ఎకరాలు చాలవని పావెల్ అర్ధశతాబ్దం ముందు చెప్పిన మాట అప్పుడు కాన్సాస్ పడమటి భాగమంతటా నిజమైంది. 1935 నాటికి ఊళ్లో మిగిలినవారు 76 మంది, 1950కి 16 మంది. 1953లో పోస్టాఫీసు మూతపడింది, 1960లో బడి. ఇది నికోడెమస్‌కు మాత్రమే పట్టిన గతి కాదు. గ్రాహమ్ కౌంటీ జనాభా 1910లో దాదాపు 8,700. 2020లో 2,400 చిల్లర. రైలును అందుకున్న బోగ్‌లో నేడు ఉన్నది నూట యాభై దరిదాపు. ట్రాక్టర్లు, కోత యంత్రాలు వచ్చాక ఒక కుటుంబం వేల ఎకరాలు సాగుచేయగలుగుతుంది. పొలాలు పెద్దవైతే మనుషులు తగ్గుతారు, మనుషులు తగ్గితే బడి మూతపడుతుంది, బడి మూతపడితే పిల్లలున్న కుటుంబం ఉండదు. ఈ వరుసలో జాతి ప్రమేయం ఒక చోట బలంగా కనిపిస్తుంది: అప్పు. కేంద్ర వ్యవసాయ శాఖ రుణాల్లో నల్లజాతి రైతుల పట్ల దశాబ్దాల పాటు వివక్ష జరిగిందన్న పిగ్‌ఫర్డ్ కేసు 1999లో పరిష్కార ఒప్పందానికి వచ్చింది. దేశం మొత్తం మీద 1920లో 9 లక్షలకు పైగా ఉన్న నల్లజాతి రైతులు 1997 నాటికి 20 వేల లోపుకు తగ్గారు. ఆ నేపథ్యంలో చూస్తే నికోడెమస్ కుటుంబాల చేతిలో ఇప్పటికీ కొంత భూమి మిగలడమే పెద్ద విషయం.

పోయినవారు డెన్వర్, టొపీకా, కాన్సాస్ సిటీ, కాలిఫోర్నియాల్లో స్థిరపడ్డారు. ఊరితో బంధం తెంచుకోలేదు. బ్రిటిష్ వలస రాజ్యాల్లో 1834 ఆగస్టు 1న బానిసత్వ నిర్మూలన చట్టం అమలైన సందర్భాన్ని నికోడెమస్ వారు 1878 నుంచే పండుగగా జరుపుకునేవారు. అదే క్రమంగా జూలై చివరి వారాంతంలో జరిగే హోమ్‌కమింగ్, అంటే సొంతూరికి తిరిగొచ్చే పండుగ, అయింది. ఆ రోజుల్లో దేశం నలుమూలల నుంచి వందల మంది వస్తారు. ఊరేగింపు, చర్చి ఆరాధన, విందు, పిల్లలకు ఏ కుటుంబం ఏ కుటుంబానికి ఏమవుతుందో చెప్పడం, ఇవన్నీ జరుగుతాయి. 1932లో ఇక్కడే పుట్టిన వెరిల్ స్విట్జర్ 1954లో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడయ్యాడు. ఆ తరువాత కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ కూడా ఊరి పొలాన్ని వదులుకోలేదు. జాతీయ గుర్తింపు కోసం పట్టుబట్టి పోరాడిన ఏంజెలా బేట్స్ వంటివారు కూడా ఈ కుటుంబాల సంతతే. జనాభా లెక్కల అధికారి వచ్చిన రోజున ఇంట్లో ఉన్నవారిని లెక్కిస్తాడు. ఊరిని తమదిగా భావించేవారిని లెక్కించే పద్ధతి అతడి దగ్గర లేదు.

1996 చట్టం కాపాడేది ఐదు కట్టడాలను: రెండు చర్చిలు, బడి, టౌన్‌షిప్ హాలు, ఫ్లెచర్లు నడిపిన సెయింట్ ఫ్రాన్సిస్ హోటలు. వాటికి మరమ్మతులు జరుగుతున్నాయి, టౌన్‌షిప్ హాలులో సందర్శకులకు వివరాలు చెప్పే ఏర్పాటు ఉంది. ఈ పని ఎంతో విలువైనది. అయితే ఈ ఊరిని నిలబెట్టినది కట్టడాలు కావు, వాటి చుట్టూ ఉన్న గోధుమ పొలాలు. వారసులు పెరిగేకొద్దీ పట్టాలు ముక్కలవుతాయి. దూరాన ఉన్న వారసుడు పొలాన్ని పెద్ద రైతుకు కౌలుకు ఇస్తాడు, ఒక తరం దాటాక అమ్మకానికి పెడతాడు. ఆ పొలాలకు చారిత్రక రక్షణ ఏదీ లేదు. అవి ఏ కుటుంబాల చేతుల్లో ఉంటాయన్నది ఇప్పుడు వారసుల మధ్య ఒప్పందాల మీద, బ్యాంకు రుణాల మీద, ఆ ఏటి వాన మీద ఆధారపడి ఉంది.